కూరాకులును దీర్ఘవ్యాధులును

మధ్యాహ్న భోజనము ముగిసి విద్యార్థులు లేచిపోయిన పిమ్మట వసతిగృహపు భోజనశాలలో ఒకసారి నిలిచి చూచినచో, కంచముల అంచున ఏమేమి మిగిలియున్నవో తెలియును. చారులోని కరివేపాకు, పప్పులోని తోటకూర కాడలు, పులుసులోని వంకాయ తొక్కలు, ఒక్క పంటిగాటైనను పడని కాకరకాయ ముక్కలు, ఇవియే యెక్కువగా కనబడును. అన్నము మిగులదు, బంగాళాదుంపల వేపుడు అసలే మిగులదు. విద్యార్థులను మందలించుటకు మేమీ మాట వ్రాయుటలేదు. మేమును చిన్నతనమున కాకరకాయ ముక్కలను కంచము క్రింద దాచినవారమే. కాని యట్లు త్రోసివేయబడుచున్న ఆకులోను, తొక్కలోను, చేదులోను ఏమున్నదో తెలిసికొనిన పిమ్మట, వానిని తినుటయో మానుటయో తెలిసియే చేయవచ్చును గదా యని యీ వ్యాసమును వ్రాయ సాహసించితిమి.

ఈ విషయమున లోకములో రెండు విధములగు పొరపాట్లు కలవు. మొదటిది, ఆకుకూరలు పేదవాని తిండియనియు వానిలో సారమేమియు లేదనియు చులకన చేయుట. రెండవది, వానిలో సర్వరోగ నివారణ శక్తి దాగియున్నదని నమ్మి, వైద్యుడిచ్చిన మందును మానుకొనుట. మొదటి పొరపాటును భోజనశాలలో ప్రతిదినము చూచుచున్నాము. రెండవదానిని మా యింటనే చూచితిమి. మా చిన్నతాతగారికి మధుమేహముండెను. ఆయన యొక అంగడిలో కాకరకాయయు నేరేడుగింజలును కలిపి కొట్టిన పొడిని సీసాలతో కొని, వైద్యుడు వ్రాసియిచ్చిన మాత్రలను ఎవరితోను చెప్పకుండ ఎనిమిది నెలలు మానివేసిరి. ఒకనాడు పొలములో ఆయన కాలికి తుమ్మముల్లు గ్రుచ్చుకొనెను. ఆ పుండు మానలేదు. తుదకు రెండు వ్రేళ్ళను తీసివేయవలసి వచ్చెను. ఈ రెండు పొరపాట్లకును నడుమనున్న సత్యమేదో చూపుటయే మా యుద్దేశము.

దీర్ఘవ్యాధులనగా నేవి? మశూచి, కలరా మొదలగునవి యొక మనిషినుండి మఱియొక మనిషికి అంటుకొని, దినములలోనో వారములలోనో ప్రాణము తీసెడివి. మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు, పక్షవాతము, రాచపుండు అని మన పెద్దలు పిలిచిన కాన్సరు, ఇవి యట్టివి కావు. ఇవి యేండ్ల తరబడి చప్పుడు చేయక శరీరమున పెరుగును. బయటపడునప్పటికే చాల చెఱుపు జరిగియుండును. భారత వైద్య పరిశోధన మండలివారి సహాయముతో దేశమంతట జరిగిన గొప్ప పరిశీలనయొకటి 2023లో ప్రకటింపబడినది. దాని ప్రకారము మన దేశమున 10 కోట్లకు మించిన జనులకు మధుమేహమున్నది. 31 కోట్లకు మించినవారికి రక్తపుపోటున్నది. కావున ఈ పత్రికను చదువు కుటుంబములలో ఈ రెంటిలో నొకటైన నెఱుగని యిల్లు అరుదు. చప్పుడులేక పెరుగు వ్యాధిని చప్పుడులేక అడ్డగించునదేదైన మన నిత్యభోజనములో నున్నదా యనునదియే ప్రశ్న.

ముందుగా మొక్కలను గూర్చి ఒక మాట. జంతువునకు శత్రువు కనబడినచో పఱుగెత్తును, లేనిచో కఱచును. మొక్క యేమి చేయగలదు? అది నాటినచోటనే నిలిచి, పురుగులను, బూజును, పశువులను, మండుటెండను ఎదుర్కొనవలయును. అందుకు దానికున్న ఆయుధములు రసాయన ద్రవ్యములే. చేదు, వగరు, ఘాటు, వాసన, రంగు అని మనము పిలుచునవన్నియు చాలవఱకు మొక్క తన రక్షణకొఱకు చేసికొనిన ద్రవ్యముల గుణములే. మనకొఱకు కాకరకాయ చేదెక్కలేదు. తన్ను తినవచ్చువానికొఱకు చేదెక్కినది.

ఇందుకు మన వంటయింటిలోనే చక్కని నిదర్శనము కలదు. ఆవగింజను నోట వేసికొని నమలక యుంచినచో ఘాటుండదు. దానినే నూఱి తడిపినచో కొంతసేపటికి ముక్కుపుటములు అదరును. ఏలయన, గింజలో నొక అరయందు ఘాటునకు మూలమగు గంధకద్రవ్యమును, వేఱొక అరయందు దానిని విడగొట్టు పాచకద్రవ్యమును వేఱువేఱుగా నుండును. పురుగు కొఱికినను, రోలు నూఱినను ఆ రెండును కలిసికొని అప్పటికప్పుడు ఘాటు పుట్టును. వెల్లుల్లి విషయమును ఇట్టిదే. చిదుపని పాయకు వాసన తక్కువ. చిదిపినంతనే ఆలిసిను అను ఘాటైన ద్రవ్యము పుట్టును. కూరలో ఆవపెట్టు మన తల్లులు, ఆవకాయ కలుపు మన అమ్మమ్మలు ఈ రసాయన ప్రయోగమును ప్రతియేట చేయుచునేయున్నారు.

ఇట్టి ద్రవ్యములు వేలకొలదిగ నున్నవి. విద్యార్థులు జ్ఞాపకముంచుకొనుటకు వానిని కొన్ని కుటుంబములుగ చెప్పెదము. క్యారెట్టు, గుమ్మడి, మామిడి, బొప్పాయి, మునగాకు, తోటకూర వీనిలో కెరోటినులు అను పసుపు, నారింజరంగు ద్రవ్యములుండును. ఆకులలో పచ్చదనము వానిని కప్పివేయుటచే మనకు కనబడవు. టమాటకును పుచ్చకాయకును ఎఱుపునిచ్చు లైకోపిను కూడ ఈ కుటుంబములోనిదే. ఉల్లిపాయలు, తేయాకు, జామ, నేరేడు, వంకాయ తొక్క వీనిలో ఫ్లేవనాయిడులు అను రెండవ కుటుంబము కలదు. ఆవ, ముల్లంగి, క్యాబేజి, వెల్లుల్లి మొదలగువానిలో గంధకద్రవ్యములు మూడవ కుటుంబము. పసుపులోని కర్కుమిను, మిరియములోని పైపెరిను మొదలగు సుగంధద్రవ్యముల సారములు మఱియొక వర్గము. వీని కన్నిటికిని తోడుగా, మొక్కలలో తప్ప మాంసమునగాని పాలలోగాని దొరకని పీచు కలదు.

వీనిని విటమినులతో కలిపి చూడరాదు. విటమిను లేనిచో మనిషి కొద్ది నెలలలో రోగియగును. 1747లో జేమ్సు లిండు అను ఓడవైద్యుడు చిగుళ్ళు కుళ్ళి పడియున్న పండ్రెండుగురు నావికులలో నిద్దఱకు నారింజలును నిమ్మపండ్లును ఇచ్చి, ఆఱు దినములలోనే వారు కోలుకొనుట చూచెను. అట్లే, ఆకు అను లాటిను పదమునుండి పేరుపొందిన ఫోలిక్ ఆమ్లము కూడ విటమినే. దానిని 1941లో పాలకూరనుండి తీసిరి. 1945లో అమెరికాలో మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన బృందము దానిని ప్రయోగశాలలో కృత్రిమముగ తయారుచేసెను. ఇట్టి విటమినుల లోపము వెంటనే కనబడును. తీర్చినచో వెంటనే నయమగును. కెరోటినులలో కొన్ని శరీరమున ‘ఎ’ విటమినుగ మాఱుమాట నిజమే. కాని ఫ్లేవనాయిడులును కర్కుమినును లేకున్నను మనిషి వెంటనే పడిపోడు. వాని మేలు, ఉన్నచో, ముప్పది నలువది యేండ్లకు గాని కనబడదు. ఈ ఆలస్యమే శాస్త్రజ్ఞులను చాలకాలము చిక్కులలో పెట్టినది.

ఆ చిక్కు ఎట్లు వచ్చినదో వినుడు. ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలసి త్రుప్పుపట్టునట్లు, మన శరీరములోని క్రొవ్వులు, జీవకణములు ప్రాణవాయువునుండి పుట్టు కొన్ని తీవ్రకణికలచే చెడుచుండునని 1956లో డెన్హాం హార్మను అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక సిద్ధాంతమును ప్రకటించెను. ముసలితనమునకు, అనేక దీర్ఘవ్యాధులకు ఈ త్రుప్పే కారణమని చాలమంది తలంచిరి. పరీక్షనాళికలో పోసి చూచినచో కెరోటినులు, ఫ్లేవనాయిడులు ఈ త్రుప్పును చక్కగ ఆపుచుండెను. మఱియు 1993లో హాలెండు దేశపు జుట్‌ఫెన్ పట్టణమున 805 మంది వృద్ధులను అయిదేండ్లు పరిశీలించినవారు, తేనీరు, ఉల్లి, ఆపిలుపండ్ల మూలమున ఫ్లేవనాయిడులను ఎక్కువగ తీసికొనినవారిలో గుండెజబ్బు మరణములు తక్కువగ నున్నట్లు ప్రకటించిరి. ఇక నేమి? ఆ ద్రవ్యమును మొక్కనుండి వేఱుచేసి మాత్రగ చుట్టి యిచ్చినచో రోగములు రావని చాలమంది నిశ్చయించుకొనిరి.

ఇచ్చట విద్యార్థులు కొంచెము ఆగి ఆలోచింపవలయును. ఒక తరగతిలో గొడుగు తెచ్చుకొను బాలురకు ఎక్కువ మార్కులు వచ్చుచున్నవని ఉపాధ్యాయుడు గమనించెననుకొందము. గొడుగు మార్కులు తెచ్చుచున్నదా? లేదు. జాగ్రత్తగల బాలుడు గొడుగును తెచ్చుకొనును, పాఠమును చదువుకొనును. రెంటికిని మూలము జాగ్రత్తయే. అట్లే కూరలు, పండ్లు ఎక్కువగ తినువారు పొగత్రాగుట తక్కువ, నడచుట ఎక్కువ, వైద్యునొద్దకు సకాలమున పోవుట ఎక్కువ కావచ్చును. కావున వారికి రోగము తక్కువగ నున్నచో అది కూర మహిమయో, నడవడి మహిమయో పైకి చూచి చెప్పలేము. దీనిని తేల్చుటకు ఒకటే మార్గము. వేలకొలది మనుష్యులను చీట్లువేసినట్లు రెండు వర్గములుగ విభజించి, ఒక వర్గమునకు నిజమైన మాత్రను, రెండవ వర్గమునకు అదే రూపముగల వట్టి మాత్రను ఇచ్చి, ఏండ్ల తరబడి వేచి చూడవలయును.

అట్టి పరీక్ష ఫిన్లాండు దేశమున జరిగినది. పొగత్రాగు అలవాటుగల, 50 మొదలు 69 ఏండ్ల వయస్సుగల 29,133 మంది పురుషులు దానిలో పాల్గొనిరి. వారిలో కొందఱకు దినమునకు 20 మిల్లీగ్రాముల బీటాకెరోటినును, అనగా క్యారెట్టుకు రంగునిచ్చు ద్రవ్యమును, మాత్రగ నిచ్చిరి. అయిదు మొదలు ఎనిమిదేండ్ల పిమ్మట 1994లో ఫలితము వెలువడెను. ఊపిరితిత్తుల కాన్సరు తగ్గుననుకొనినది, మాత్ర తినినవారిలో నూటికి 18 వంతులు హెచ్చెను! లోకము దీనిని నమ్మలేకపోయెను. అప్పటికే అమెరికాలో పొగత్రాగువారు, మానినవారు, ఆస్బెస్టాసు అను రాతినార ధూళిలో పనిచేసినవారు మొత్తము 18,314 మందితో అట్టిదే మఱియొక పరీక్ష జరుగుచుండెను. వారికి బీటాకెరోటినుతోపాటు ‘ఎ’ విటమినును ఇచ్చుచుండిరి. అందును కాన్సరు నూటికి 28 వంతులు, మరణములు 17 వంతులు హెచ్చుగ నుండుట చూచి, 1996 జనవరిలో, అనుకొనిన గడువుకు 21 నెలలు ముందుగనే మాత్రలను ఆపివేసిరి. మఱియొక పరీక్షలో, పొగత్రాగువారు కొద్దిమందియే యున్న 22,071 మంది అమెరికా వైద్యులు సుమారు పండ్రెండేండ్లు ఆ మాత్రలను తినగా, వారికి మేలును కలుగలేదు, కీడును కలుగలేదు.

ఇచ్చట మా మనస్సున నాటుకొనిన సంగతి యొకటి కలదు. ఆ ఫిన్లాండు పరీక్షలోనే, పరీక్ష మొదలుపెట్టక పూర్వము తమ సహజమైన భోజనముద్వారా కెరోటినును ఎక్కువగ తినుచుండినవారిలో, వట్టి మాత్ర వంతుకు వచ్చినవారిని చూడగా, కాన్సరు తక్కువగనే కనబడెను. ఒకే దేశము, ఒకే పరీక్ష, ఒకే ద్రవ్యము. కంచములోనున్నంతకాలము అది మేలుతో కూడియుండెను. సీసాలోనికి వచ్చిన పిమ్మట పొగత్రాగువారికి కీడు చేసెను. కంచములో దానితోపాటు మఱి వేయి ద్రవ్యములుండెను, పీచుండెను, కొలత స్వల్పముగనుండెను, తినువాని అలవాట్లును దాని వెంట నుండెను. సీసాలో అది యొంటరిగ, కొలతకు మించి యుండెను. పొగచే కాలిన ఊపిరితిత్తులలో అంత హెచ్చుగ చేరిన కెరోటిను తానే చెడి, హానికరమగు ముక్కలుగ మాఱెనేమోయని శాస్త్రజ్ఞులు అనుమానించుచున్నారు.

అట్లయిన కూరలు తినుట నిష్ప్రయోజనమా? కానేకాదు. ఈ పరీక్షలు మాత్రను ఓడించినవే కాని కూరను ఓడింపలేదు. 1997లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరీక్షను చూడుడు. దానిలో ద్రవ్యమును వేఱుచేసి యీయలేదు, భోజనమునే మార్చిరి. 459 మందికి భోజనమంతయు పరిశోధకులే యేర్పఱచి, ఉప్పును, శరీరపు బరువును మాఱనీయక, ఎనిమిది వారములు చూచిరి. కూరలు, పండ్లు, పప్పులు, దంపుడు ధాన్యములు, వెన్నతీసిన పాలు సమృద్ధిగగల భోజనము తినినవారి రక్తపుపోటు, పైయంకె, సగటున 5.5 తగ్గెను. ముందే రక్తపుపోటు హెచ్చుగనున్నవారిలో 11.4 తగ్గెను. కొన్ని మందులు తగ్గించునంత తగ్గుదల యిది. దీనిలో ఏ యొక్క ద్రవ్యము గెలిచినదని అడిగినచో ఎవరును చెప్పలేరు. గెలిచినది భోజనము.

ఈ మేలు ఎట్లు కలుగుచున్నదో ఇప్పుడు కొంత తెలిసినది. త్రుప్పును తుడుచుటయే వీని పనియను పాత భావము చాలవఱకు సడలినది. ఏలయన మనము తిను ఫ్లేవనాయిడులలోను కర్కుమినులోను చాల కొద్దిభాగమే రక్తమున చేరును. చేరినదానినైనను కాలేయము పరాయివస్తువుగ ఎంచి త్వరగా బయటకు పంపును. అయితే ఆ బయటకు పంపు ప్రయత్నములోనే మేలున్నదని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. స్వల్పమైన చేదు, స్వల్పమైన ఘాటు మన జీవకణములను మేలుకొలిపి, తమ రక్షణసామగ్రిని తామే సిద్ధపఱచుకొనునట్లు చేయును. కసరత్తు కండలను కొంచెము నొప్పించి బలపఱచునట్లే ఇదియును. రక్తమున చేరక మిగిలిన భాగము, పీచుతో కూడి, పెద్దప్రేవునకు పోవును. అచ్చట కోట్లకొలది సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి, ప్రేవుల గోడకు ఆహారమగు కొన్ని ఆమ్లములను తయారుచేయును. పీచు అన్నములోని పిండి చక్కెరగ మాఱి రక్తమున చేరుటను మందగింపజేయును. పైత్యరసముతో కొంత కొలెస్టరాలును వెలికి కొనిపోవును. ఆకులలోను పండ్లలోను నుండు పొటాషియము ఉప్పు చేయు కీడును తగ్గించును. మఱియు కడుపు కూరతో నిండినచో వేపుళ్ళకును మిఠాయిలకును చోటు తగ్గునను సామాన్యమైన లాభమును మఱువరాదు.

ఈ పీచు శక్తిని మన హైదరాబాదు నగరముననే పరీక్షించిరి. కూనూరులో నుండిన పోషణ పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, పిమ్మట జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. అచ్చటివారు మెంతులను గూర్చి చేసిన పరిశోధనలలో నొకటి 1990లో ప్రకటింపబడెను. నూనె తీసిన మెంతిపిండిని దినమునకు 100 గ్రాములు భోజనమున కలిపి కొద్దిమంది మధుమేహరోగులకు ఈయగా, రక్తములోని చక్కెరయు కొలెస్టరాలును తగ్గెను. మెంతులను నానబెట్టినచో పట్టు జిగురే ఇందుకు ముఖ్యకారణము. అయితే విద్యార్థులు మూడు విషయములు గమనింపవలయును. పరీక్షింపబడినవారు కొద్దిమంది. 100 గ్రాములనగా పోపులోవేయు చిటికెడు కాదు. ఆ రోగులు తమ మందును మానలేదు.

మందును గూర్చియు నొక మాట. మధుమేహమునకు వైద్యులు ముందుగ వ్రాయు మాత్ర మెట్‌ఫార్మిను. దాని పూర్వచరిత్ర కూడ ఒక మొక్కయే! ఐరోపాలో పెరుగు గలీగా అను పచ్చిక మొక్కలో చక్కెరను తగ్గించు ద్రవ్యముండెను. అయితే ఆ మొక్క పశువులకు విషము. రసాయనవేత్తలు దానికి దగ్గఱి చుట్టమగు ద్రవ్యమును 1922లో తయారుచేసిరి. 1957లో జీన్ స్టెర్న్ అను ఫ్రెంచి వైద్యుడు దానిని మధుమేహరోగులకు వాడి ఫలితమును ప్రకటించెను. కావున ‘మాత్ర కృత్రిమము, ఆకు సహజము’ అని చెప్పి ఒకదానిని దూషించి మఱియొకదానిని పొగడుట తగదు. భేదము వేఱొకచోట నున్నది. మందనగా కొలత తెలిసినది, వేలమందిపై మేలును కీడును తూచి చూచినది, రోగము వచ్చిన పిమ్మట పనికివచ్చునది. కూర యనగా కొలత తెలియనిది, మెల్లగ పనిచేయునది, రోగము రాకమునుపు ఏండ్ల తరబడి కాపుకాయునది. కాపలావాడు వైద్యుడు కాడు. వైద్యుడు కాపలావాడు కాడు. ఇద్దఱును కావలయును. కాకరకాయపై ఇంతవఱకు జరిగిన పరీక్షలు చిన్నవి. అది మాత్రకు బదులు నిలువగలదని అవి చూపలేదు. మా చిన్నతాతగారు కాపలావానిచే శస్త్రము పట్టించిరి.

ఇప్పుడు అంగళ్ళలో పసుపు సారమును గుళికలుగ అమ్ముచున్నారు. దుగ్గిరాల పసుపైనను, నిజామాబాదు పసుపైనను, దానిలో కర్కుమిను నూటికి సుమారు మూడు వంతులే. కూరలోవేయు చిటికెడులో నది యెంతయుండునో లెక్కకట్టి చూడుడు. గుళికలలో దానినే ఎన్నో రెట్లు చిక్కబఱచి, రక్తమున బాగుగ చేరుటకై మిరియపు సారమును కలుపుదురు. ఇటలీ, అమెరికా మొదలగు దేశములలో ఇట్టి గుళికలు తినినవారిలో కొందఱకు కాలేయము చెడి కామెరలు వచ్చినట్లు వైద్యులు ప్రకటించియున్నారు. పప్పులోని పసుపు తరతరములుగ ఎవరిని బాధించినది? కొలత మాఱినచో గుణమును మాఱును.

ఇక వంటయింటిని గూర్చి, ముఖ్యముగ తల్లులకు, కొన్ని మాటలు. కెరోటినులు, లైకోపిను నూనెలోనే కరుగును. కావున ఆకుకూరకు కొంచెము నూనెతో పోపుపెట్టుట రుచికే కాదు, అవి వంటబట్టుటకును. టమాటలను ఉడికించినచో లైకోపిను మఱింత సులభముగ దొరకును. ‘సి’ విటమినుకు అట్లుగాదు; అది వేడికిని నీటికిని పోవును. కావున కూరను ముందు కడిగి, పిమ్మట తఱుగవలయును. ఉడికించిన నీటిని పాఱబోయక చారునకో పప్పునకో వాడవలయును. వెల్లుల్లిని చిదిపి, కొన్ని నిమిషములాగి పొయ్యిమీద వేయుట మేలు. తేనీటిలోని వగరు ఆకులలోని, పప్పులలోని ఇనుమును మనకు దక్కనీయదు. కావున భోజనముతో తేనీరు త్రాగక, ఒకటి రెండు గంటలాగి త్రాగవలయును. నిమ్మరసము అందుకు వ్యతిరేకముగ ఇనుమును దక్కించును. మరబియ్యము తవుడుతోపాటు తన మేలును మిల్లులోనే విడిచివచ్చును. కావున వారములో కొన్ని దినములైన దంపుడు బియ్యముగాని, జొన్నలుగాని, రాగులుగాని వాడుట మంచిది.

మొక్కలోనిదంతయు మనకు మిత్రము కాదనియు జ్ఞాపకముంచుకొనవలయును. దానిని అది తన రక్షణకు చేసికొన్నదని ముందే చెప్పితిమి. కేసరిపప్పును ముఖ్యాహారముగ చాలకాలము తినినవారికి కాళ్ళు పడిపోవును. గోంగూర, పాలకూర, తోటకూరలలో ఆక్సాలికామ్లము హెచ్చు. మూత్రపిండములలో రాళ్ళు పెరుగువారు వైద్యుని అడిగి మితముగ తినవలయును. మూత్రపిండములు చెడినవారికి పొటాషియముగల కూరలు అపాయము కావచ్చును. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిను మందు తినువారు ఆకుకూరలను ఒకనాడు ఎక్కువగ, ఒకనాడు తక్కువగ తినక, ఒకే తీరున తినవలయును. ఏలయన వానిలోని ‘కె’ విటమిను ఆ మందునకు ఎదురుగ పనిచేయును.

ఎంత తినవలయును? ప్రపంచ ఆరోగ్య సంస్థవారు కూరలు, పండ్లు కలిపి దినమునకు 400 గ్రాములకు తక్కువ కాకుండ తినుమని చెప్పుచున్నారు. దుంపలు ఈ లెక్కలోనికి రావు. కాబట్టి బంగాళాదుంపల వేపుడు తిని కూర తింటిమనుకొనువారు లెక్కతప్పినవారే! ఈ 400 గ్రాములను ఖరీదైన పండ్లతోనే నింపనక్కఱలేదు. దొడ్డిలోని మునగచెట్టు, గట్టుమీది పొన్నగంటికూర, వేసవిలో చింతచిగురు, పందిరిమీది బచ్చలితీగ, సంతలోని జామకాయలు చాలును. ఒకే కూరను ప్రతిదినము తినుటకంటె రంగులు, రుచులు మార్చి తినుట మేలు. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క కుటుంబపు ద్రవ్యములున్నవి గదా. పొగత్రాగుట మానక, కాలు కదపక, కూరలు మాత్రము తినినచో అవి పూర్తిగ కాపాడలేవు. ఫిన్లాండువారి అనుభవము మనకందఱకు చాలిన పాఠము.

మా చిన్నతాతగారు ఇప్పుడు కఱ్ఱ ఊతతో నడచుచున్నారు. ఉదయమున వైద్యుడిచ్చిన మాత్రను మింగుదురు. మధ్యాహ్నమున కాకరకాయ కూరను ఇష్టముగ తిందురు. ఒకనాడు మేము ఆయన ప్రక్కను భోజనమునకు కూర్చుండి ఆ కూరను వడ్డించుకొనుటకు వెనుదీయగా, ఆయన మా కంచములో రెండు ముక్కలు వేసి, “కాకరకాయ తప్పేమీ లేదోయ్, దానిచేత మాత్ర పని చేయించబోయిన నాదే తప్పు. తిను” అనిరి. మేము తింటిమి. చేదుగనే యుండెను. విద్యార్థులారా, మీ కంచపు అంచున నున్న ఆ ఆకును రేపు త్రోసివేయుటకు ముందు ఒకసారి ఆయన మాటను తలచుకొనుడు.